పందొమ్మిదో వరుస, కుడివైపు కిటికీ

(పదకొండో భాగం)

చిట్టిని పోయినవారం విమానం గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒక చేతిలో బోర్డింగ్ కార్డులు, చంకలో అట్టలూడిన నోట్‌బుక్కు, వెనకనుంచి భుజం మీద మామయ్య చెయ్యి. కార్డు చింపి ఇచ్చిన పెద్దాయన తాపీగా అన్న మాట చెవిలో ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉంది.

"పందొమ్మిది ఎ నా అమ్మా? దీవులు చూడ్డానికైతే కుడివైపు తీసుకోవాల్సింది. గాలి తిరిగి పదిరోజులైంది. ఇప్పుడు విమానాలన్నీ అటునుంచి దిగుతున్నాయి."

కొత్తగా మన కథలోకి వచ్చినవాళ్ళకోసం రెండు ముక్కలు చెప్పాలి. చిట్టి ఒక చిన్న టికెట్ల ఆఫీసు నడుపుతుంది. ఆఫీసు మామయ్య పెట్టిందే. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, గోడకి విమానాల బొమ్మలు. వీధిలో అలాంటి ఆఫీసులు ఇంకో మూడున్నాయి. అయినా జనం చిట్టి దగ్గరికే వస్తారు, ఎందుకంటే ఏ విమానంలో ఏ కిటికీ నుంచి ఏం కనిపిస్తుందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. రెక్క ఎక్కడ అడ్డం వస్తుంది, పొద్దున పూట ఎండ ఏ వైపు కళ్ళల్లో కొడుతుంది, ఏ వరుసలో కిటికీకి బదులు ఉత్త గోడ ఉంటుంది, అన్నీ ఆ నోట్‌బుక్కులో ఉన్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అడిగి రాసుకున్నవే అన్నీ. అందుకే ఆమెకి 'కిటికీ మేడం' అని పేరు. అయితే ఈ కిటికీ మేడం తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇవాళే మొదటిసారి విమానం ఎక్కుతోంది. నవ్వుకోండి, ఆమే నవ్వుకుంటుంది.

ఎక్కడం కూడా మామయ్య కోసమే. తను ముప్పై ఏళ్ళు లైట్‌హౌస్ దీపం చూసుకున్న దీవిని ఒక్కసారి పైనుంచి చూడాలని ఆయన అడిగాడు. తల్లి పోయిన రెండేళ్ళ పిల్లని తీసుకొచ్చి కళ్ళల్లో పెట్టుకుని పెంచిన మనిషి. ఇన్నేళ్ళలో ఇది కావాలి అని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. దీపం ఆపేసి పన్నెండేళ్ళయింది, ఆ దీవికి ఇప్పుడు పడవలు కూడా పోవు. చూడాలంటే ఈ విమానం దిగేముందు దొరికే నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాల కోసం చిట్టి వారంరోజులు నోట్‌బుక్కు తిరగేసి, పదహారుమంది సాక్ష్యం చూసి, పందొమ్మిది ఎ అని ఖాయం చేసింది.

ఆ పదహారుమందీ సెలవుల్లో వెళ్ళినవాళ్ళే. సెలవులు ఎండాకాలంలోనే ఇస్తారు. ఎండాకాలంలో గాలి ఒకవైపు నుంచి, వానల ముందు ఇంకోవైపు నుంచి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది. గాలి తిరిగితే విమానం తిరుగుతుంది, విమానం తిరిగితే ఎడమవైపు ఉన్న దీవులు కుడివైపుకి పోతాయి. ఇంత చిన్న సంగతి తొమ్మిదేళ్ళలో ఆమెకి తట్టలేదు, ఆ కాలంలో దీవులు చూడ్డానికి వెళ్ళి వచ్చినవాడు ఒక్కడూ లేడు మరి. ఊళ్ళోవాళ్ళందరికీ కిటికీలు ఎంచిపెట్టి, కన్నతండ్రి కంటే ఎక్కువైన మనిషికి మాత్రం తప్పు కిటికీ ఇచ్చింది.

"ఏంటమ్మా, ఆగిపోయావు?" అన్నాడు మామయ్య.

"ఏం లేదు మామయ్యా. జాగ్రత్త, ఇక్కడ గుమ్మం ఉంది."

పందొమ్మిదో వరుస దాకా నడిచేలోపు ఆమె బుర్ర పది రకాలుగా పనిచేసింది. ఎడమవైపు తమ రెండు సీట్లు. కుడివైపు మూడింటిలో నడవ పక్కదీ, మధ్యదీ ఖాళీ. కిటికీ దగ్గర ఒకావిడ. యాభై దాటి ఉంటాయి, మెడకి తెల్లటి పట్టీ, నల్ల కళ్ళద్దాలు, తల గోడకి ఆనించి, కిటికీ తెర కింది దాకా దించేసి పడుకుని ఉంది. దించేసి. ఆ తెర చూసేసరికి చిట్టికి ప్రాణం ఉసూరుమంది.

తలుపులు మూశారు. ఆ రెండు సీట్లకి ఎవరూ రాలేదు. ఎయిర్‌హోస్టెస్‌ని బతిమాలితే, "ఖాళీనే కదా, కూర్చోండి" అంది. మామయ్యని మధ్యలో కూర్చోబెట్టి, తను నడవ పక్కన కూర్చుని, బెల్టు పెట్టుకుని, విమానం లేచి, చెవులు దిబ్బడ వేసి, మళ్ళీ విడిచేదాకా ఓపిక పట్టింది. తర్వాత మెల్లిగా ముందుకి వంగింది.

"ఏమండీ, మిమ్మల్ని లేపుతున్నందుకు ఏమీ అనుకోకండి. దిగేముందు కాసేపు ఆ సీటు మా మామయ్యకి ఇస్తారా? మా కిటికీ మీరు తీసుకోండి. అదీ పందొమ్మిదే."

ఆవిడ కళ్ళద్దాలు తియ్యలేదు. "కిటికీ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలమ్మా. నేను రెండు నెలల ముందు చేసుకున్నాను."

ఆ మాట చిట్టికి చాలా బాగా తెలుసు. తొమ్మిదేళ్ళుగా కస్టమర్లకి తను చెబుతున్నదే. ఆఫీసు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి కూడా పెట్టింది. ఇప్పుడది తిరిగొచ్చి తనకే తగిలింది.

"మీరెలాగూ తెర దించేసుకున్నారు కదండీ."

"తెర దించుకున్నా సీటు నాదే కదమ్మా."

"అది కాదండీ. ఆ పక్క కిటికీ కూడా ఇలాంటిదే..."

"నాక్కావలసింది కిటికీ కాదు, గోడ. ఈ మెడ కుడివైపు తప్ప ఎటూ వాలదు. నువ్వు చెప్పే సీటులో గోడ ఎడమవైపు ఉంది. కాసేపైనా తల నిలబెట్టుకుని కూర్చుంటే రేపు నన్ను ఎత్తుకుని దింపాలి."

దీనికి నోట్‌బుక్కులో జవాబు లేదు. రెక్కల గురించి ఉంది, ఎండ గురించి ఉంది, మెడల గురించి తొమ్మిదేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. చిట్టి కొంచెం కోపంగా, కొంచెం దిగులుగా మామయ్యవైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని, ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు, చిన్నగా నవ్వుకుంటున్నాడు.

"పోన్లే అమ్మా, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకు" అన్నాడు.

"నువ్వూరుకో మామయ్యా. మళ్ళీ ఎప్పుడు వస్తాం?" అని, ఆవిడవైపు తిరిగి ఉన్నదంతా కక్కేసింది. లైట్‌హౌస్, ముప్పై ఏళ్ళు, పడవలు లేకపోవడం, గాలి తిరగడం, తన తప్పు. "ఆయన ఇప్పటిదాకా ఏదీ అడగలేదండీ. ఇదొక్కటే అడిగాడు. నేను చెడగొట్టాను."

అంతలో కాఫీల బండి వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ కప్పు అందించింది. మామయ్య చెయ్యి చాపాడు. చెయ్యి కప్పు పక్కనుంచి జానెడు దూరం పోయి, గాలిలో ఆగి, మెల్లిగా వెనక్కొచ్చి కప్పు అంచు తాకి, చుట్టూ తడిమి పట్టుకుంది. రెండు క్షణాల పని. చిట్టి తన కప్పు అందుకునే హడావిడిలో ఉంది, చూడలేదు. ఆవిడ చూసింది. నల్ల కళ్ళద్దాలు తీసి, మామయ్య మొహంలోకి కాసేపు చూసింది.

"ఎన్నాళ్ళయిందండీ?" అని అడిగింది. గొంతు ఇందాకటి గొంతు కాదు.

"ఏది?" అన్నాడు మామయ్య.

"చూపు పోయి. నేను కంటి ఆస్పత్రిలో పనిచేస్తానండీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని."

చిట్టి కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడకేమైనా మతి పోయిందా అన్నట్టు చూసింది. మామయ్య కాదనలేదు. కాదంటాడని ఎదురుచూసింది. ఆయన కాఫీ ఒక గుక్క తాగి, కప్పు రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆర్నెల్లు" అన్నాడు. "వెలుతురు, చీకటి తెలుస్తాయి. అంతే."

ఆర్నెల్లు. చిట్టి కళ్ళముందు ఆ ఆర్నెల్లూ గిర్రున తిరిగాయి. అక్షరాలు మరీ చిన్నగా రాస్తున్నావే అని ఆయన సణిగితే, పెద్దగా రాయడం మొదలుపెట్టింది. అదీ చాలదని రోజూ సాయంత్రం ఆఫీసు మూశాక నోట్‌బుక్కు పైకి చదివి వినిపించమన్నాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని మెట్ల మీద ఆమె భుజం పట్టుకోవడం నేర్చుకున్నాడు. చుక్కల మందు కోసం ఆస్పత్రికి పక్కింటాయనతో వెళ్ళి, "బానే ఉందన్నారు" అని వచ్చేవాడు. తను నమ్మింది. పక్క గదిలో మనిషికి లోకం ఆరిపోతుంటే, తను ఏ వరుసలో రెక్క అడ్డం వస్తుందో రాసుకుంటూ కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి.

"చెబితే ఏం చేస్తావు? ఆఫీసు మూసేసి నా మంచం పక్కన కూర్చుంటావు. నాకు తెలీదా నీ సంగతి."

"కూర్చుంటాను. తప్పా?"

"తప్పే. ఈ ఆర్నెల్లూ నువ్వు రోజూ చదివి వినిపించావు చూడు, దీవులు, కొండలు, మంచు, నదులు... కళ్ళున్నప్పుడు కూడా నేను అంత లోకం చూడలేదు చిట్టీ. మంచం పక్కన కూర్చుని ఏం చూపిస్తావు నాకు? నా కాళ్ళు చూపిస్తావు."

మెడపట్టీ ఆవిడ కిటికీవైపు తల తిప్పుకుంది. తెర దించి ఉన్న కిటికీలో చూడ్డానికి ఏముందో ఆవిడకే తెలియాలి.

"మరి ఈ విమానం దేనికి మామయ్యా? ఈ కిటికీ కోసం నేను పడ్డ తిప్పలన్నీ దేనికి?"

"కిటికీ నాక్కాదు, నీకు. నాకు నీ కళ్ళు కావాలి" అన్నాడు మామయ్య. "ముందే చెబితే ఆశగా చూస్తావు. ఆశగా చూసేవాళ్ళకి లేనివి కూడా కనపడతాయి. అందుకని ఊరుకున్నాను. ఇంక చెప్పక తప్పదు. మూడు నెలల కిందట ఒక ఫోటోలాయన వచ్చి చెబితే రాసుకున్నావు, గుర్తుందా? తీసి చదువు."

చిట్టి గబగబా పేజీలు తిప్పింది. దొరికింది. పైకి చదివింది. "పందొమ్మిది ఎ. ఐదో దీవి. పాత లైట్‌హౌస్. పైన కటకటాలకి పసుపుపచ్చ బోర్డు, నలుచదరంగా, చాలా పెద్దది."

"బోర్డు కాదు. గుడ్డ" అన్నాడు మామయ్య.

చిన్నప్పుడు పైన కట్టిన ఆ గుడ్డ చూసి ఆరేశారనుకునేది చిట్టి, ఆ పైన ఆయన చెప్పింది ఎప్పుడూ వినలేదు. దీపం పనిలో ఉన్నప్పుడు ఏడాదికి రెండుసార్లు ఆయన పై ఆఫీసుకి ఇదే విమానంలో వెళ్ళొచ్చేవాడు. తిరిగొచ్చే రోజున అత్తయ్య ఒక పాత తెరచాప గుడ్డకి పసుపు రంగు వేసి, లైట్‌హౌస్ పైన కటకటాలకి కట్టేది. పూర్తిగా పరిచి కడితే అంతా క్షేమం. మధ్యలో తాడుతో నడుం బిగించి కడితే, వెంటనే రా. ఆ గుడ్డ కనపడే సీటు కోసమే ఆయన అన్ని సీట్లూ మార్చి మార్చి కూర్చుని, గాలినీ రెక్కనీ ఎండనీ లెక్కగట్టడం నేర్చుకున్నాడు. దిగేదాకా ఆగలేక, పైనుంచే పెళ్ళాం క్షేమం కనుక్కోవాలనుకున్న మనిషి నేర్చిన విద్య అది. కిటికీల సంగతి అడిగి రాసుకోమని చిట్టికి చెప్పింది ఆయనే, ఆఫీసుకి అన్నం పెడుతున్నది ఆ విద్యే.

"గాలి తిరుగుతుందని నీకు తెలుసా అయితే?"

"తెలుసు. నువ్వు ఎడమ అన్నప్పుడు చెబుదామనుకున్నాను. కానీ ఎప్పుడు తిరుగుతుందో ఏడాదికో రకం. పోన్లే, నీ పుస్తకమే నిజమవుతుందేమో అనుకున్నాను."

"మీ అత్తయ్య నడుం బిగించి కట్టింది మొత్తం మీద ఒక్కసారే" అని మళ్ళీ అందుకున్నాడు. "నీకు ఆరేళ్ళు. జ్వరం వచ్చి ఒళ్ళు పేలిపోతోంది. నేను దీవిలో లేను. సముద్రం మంచి పొంగు మీద ఉంది. లంగరు బాబాయి గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. మామయ్య కింద పనిచేసేవాడు. కూర్చున్నచోటినుంచి కదలడని అత్తయ్య పెట్టిన పేరు. నీలం చొక్కా, పొగాకు వాసన, తనని భుజాలమీద ఎక్కించుకుని మెట్లన్నీ ఎక్కడం. ఒకరోజునుంచి కనపడలేదు. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడన్నారు.

"ఆ కదలని మనిషే నిన్ను దుప్పట్లో చుట్టి, పడవలో వేసుకుని, ఒక్కడే తెడ్డు వేసి ఆస్పత్రికి చేర్చాడు. మీ అత్తయ్యకి దీపం పని రాదు, ఆ రాత్రి వెలిగించేవాళ్ళు లేరు. విచారణ జరిగింది. లైట్‌హౌస్ ఇళ్ళల్లో వేరేవాళ్ళ పిల్లల్ని ఉంచుకోకూడదని రూలు. నీ మాట బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది, నిన్ను ఇంకెక్కడికో పంపించేస్తారు. అందుకని అతనే నిద్రపోయానని రాసిచ్చాడు. తీసేశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను చిట్టీ. నోరు విప్పలేదు. అతను పడవ ఎక్కి వెళ్ళిపోతుంటే థాంక్స్ అని కూడా అనలేకపోయాను, అంటే ఏడుస్తానేమోనని. ఇరవై ఒక్క ఏళ్ళయింది. ఎక్కడున్నాడో తెలీదు. ఆ గుడ్డ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. మీ అత్తయ్య లేదు. నేను ఇక్కడున్నాను."

చిట్టి ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తన బతుకంతా ఈ ఒక్క మనిషి దయ అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. వెనకాల ఇంకొకాయన నిలబడి ఉన్నాడని, ఆయన పేరు కూడా తనకి సరిగ్గా తెలియదని ఇప్పుడు తెలిసింది.

బెల్టులు పెట్టుకోమని లైటు వెలిగే టైమయింది. మెడపట్టీ ఆవిడ సర్రున తెర పైకి లాగేసింది. ఒక్కసారిగా వెలుతురు వచ్చి ముగ్గురి మొహాల మీద పడింది.

"లేమ్మా, లే. నువ్వు ఇటు రా. నేను నడవ పక్కకి పోతాను."

"మీ మెడ..."

"మీ మామయ్యగారి భుజం ఉందిగా కుడివైపు. కాసేపు అప్పిస్తారులే. ఏమండీ?"

"గట్టి భుజమే అమ్మా. ముప్పై ఏళ్ళు నూనె డబ్బాలు మోసింది" అన్నాడు మామయ్య.

చిట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు ఎప్పుడు టికెట్ కొనుక్కున్నా మా ఆఫీసుకే రండి. కుడివైపు గోడ ఉన్న సీటు నేను చూసిపెడతాను" అంది. ఆవిడ నవ్వింది.

కిటికీ మేడం మొట్టమొదటిసారి కిటికీ దగ్గర కూర్చుంది. విమానం ఒకవైపు ఒరిగింది. కిందనుంచి సముద్రం పైకి లేచి వచ్చింది. ఇంత నీలం ఉంటుందని పదహారుమందిలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, తనే 'నీళ్ళు బాగున్నాయి' అని రాసుకుని ఉంటుంది.

"చెప్పు" అన్నాడు మామయ్య, ఆమె భుజం మీద చెయ్యి వేసి.

"ఒకటి వచ్చింది. చిన్నది. చుట్టూ తెల్లటి ఇసుక, మధ్యలో పచ్చగా."

"ఊఁ. దాంట్లో మంచినీళ్ళ ఊట ఉంది. తర్వాత?"

"రెండు పక్కపక్కనే. మధ్యలో సన్నటి ఇసుక దారి."

"పోటు తగ్గిందన్నమాట. పోటున్నప్పుడు ఆ దారి కనపడదు. తర్వాతది ఉత్త రాయి, ఉందా?"

"ఉంది. పక్షులు లేస్తున్నాయి. విమానం చప్పుడుకి కాబోలు."

"రోజూ లేస్తాయి, రోజూ కూర్చుంటాయి" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూడాలో, కిటికీలోంచి చూడాలో చిట్టికి తెలియలేదు. ఇంతకుమించి తనకేం కావాలి అనిపించింది. తప్పు కిటికీ, గాలి, మెడపట్టీ, అన్నిటికీ మనసులోనే దండం పెట్టుకుంది.

"ఐదోది వచ్చింది మామయ్యా."

భుజం మీద చెయ్యి బిగిసింది.

"తెల్లటి స్తంభం. సున్నం ఊడిపోయింది. కింద మన ఇల్లు. కప్పు సగం లేదు. బావి పక్కన..." విమానం ఇంకొంచెం కిందికి దిగింది. చిట్టి నుదురు అద్దానికి తగిలింది. "కటకటాలు. పసుపుపచ్చగా... గుడ్డ ఉంది మామయ్యా. గుడ్డే."

"బాగా చూడు. ఆశగా చూడకు. ఉన్నది చూడు. పరిచి ఉందా?"

చిట్టి మళ్ళీ చూసింది. మూడు నెలల కిందట నలుచదరంగా ఉందని తన చేత్తో తనే రాసుకుంది. ఇప్పుడు అలా లేదు. పైన వెడల్పు, కింద వెడల్పు, మధ్యలో సన్నగా.

"లేదు. నడుం బిగించి కట్టి ఉంది."

రెక్క కిందికి వచ్చి దీవిని కప్పేసింది. చక్రాలు విచ్చుకున్న చప్పుడు అయింది. మెడపట్టీ ఆవిడ ఆయన భుజం మీదనుంచి తల ఎత్తింది.

"చిట్టీ, సాయంత్రానికి మన తిరుగు టికెట్లు ఉన్నాయి కదూ?"

"ఉన్నాయి మామయ్యా. ఇరవై రెండో వరుస."

"రద్దు చేసెయ్యి. దిగగానే పడవ మాట్లాడు" అన్నాడు మామయ్య. "ఈసారి జ్వరం అతనికి."